ఒకటో ర్యాంకు కార్డు

కణతకు బిళ్ళ అంటిస్తే చాలు, చిన్నతనం గోడ మీద సినిమాలా ఆడే రోజులవి. ఆదివారం వచ్చిందంటే హన్మకొండలో ఇంటింటా అదే కాలక్షేపం. అరవై దాటిన కరుణాకర్ ఆ పూట చిన్ననాటి స్నేహితుడు ఓదెలును భోజనానికి పిలిచి, మనవరాలు సంహిత ముందు గొప్పగా బిళ్ళ అంటించుకున్నాడు.

"కుస్తీవీరుల కార్డులాటల మీ తాతను కొట్టెటోడే లేకుండె బిడ్డా," అన్నాడు ఓదెలు, కోడిముక్క కొరుకుతూ.

గోడ మీద బడి వరండా వెలిగింది. తెలుగు మీడియం ఓదెలుకు కార్డు మీద ఎత్తు, బరువు, ర్యాంకు అని రాసిన ఇంగ్లీషు చదవరాదు. "ర్యాంకు! నాది నలభై, నీది ఒకటి. పెద్ద అంకెదే గెలుపు, కార్డియ్యి," అంటున్నాడు పదేళ్ళ కరుణాకర్.

"అదేంది తాతా? ర్యాంకుల ఒకటే కదా గొప్ప!" అంది సంహిత.

కరుణాకర్‌కు తల కొట్టేసినట్లయింది. ఇన్నేళ్ళూ గెలుపే గుర్తుంది గాని, ఆ మాట గుర్తు లేదు. బిళ్ళ పీకబోయాడు.

"నాకు అప్పుడే ఎరుకరా," అన్నాడు ఓదెలు మెల్లగా. "అడిగితే మల్ల ఆటకు పిలువవని ఊకున్న."

గోడ మీద చిన్న ఓదెలు నవ్వుతూ ఇంకో కార్డు చాపాడు.