నేరుగా నష్టపోయేవాళ్ళు

“ఏ వీధి తాతా మీది?”

సభ గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగింది తార్మి.

ముసలాయన తలమీది నల్లటోపీ సర్దుకున్నాడు. “లాంపుంగ్ నుంచి వస్తున్నానమ్మా. రాత్రంతా పడవలోనూ బస్సులోనూ. లోపల ఒక్క మాట చెప్పి పోతాను.”

“బయటివాళ్ళకి మాటల్లేవు. నేరుగా నష్టపోయేవాళ్ళే మాట్లాడాలి. కొత్త రూలు!”

రూలు తార్మి పెట్టింది కాదు. తియ్యబావి పేట పక్కన నలభై అంతస్తుల భవనం కడతారట. దాని పునాది దిగితే పేట బావి ఎండిపోతుంది. ఇదివరకు పర్యావరణ విచారణలో ఎవరైనా లేచి వద్దనవచ్చు. పనులు ఆలస్యమవుతున్నాయని సర్కారు ఆ వీలు కాస్తా కత్తిరించింది. ఇప్పుడు బయటివాడు నోరు విప్పితే చాలు, సభే చెల్లదంటాడు కంపెనీ లాయరు. పైగా పక్క పేటలో కంపెనీ కూలికి తెచ్చిన ముసలాళ్ళు భవనం కావాలని ఏడ్చి మరీ అడిగారట. అందుకే తార్మి అమ్మకానికి లుంపియా చుట్టలు వేయించే బాణలి దించేసి వచ్చి కాపలా కాస్తోంది.

“ఆ బావి నీళ్ళు ఇంకా తియ్యగానే ఉన్నాయా?” అన్నాడు ముసలాయన.

తార్మికి ఒళ్ళు మండింది. “రుచి చూసి రమ్మన్నాడా మీ కంపెనీ దొర? ఎంత ముట్టింది?”

“నాకెవరూ ఏమీ ఇవ్వలేదమ్మా.”

“అయితే మరీ చవగ్గా దొరికారన్నమాట!”

వెనక ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. తార్మి ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించి రిక్షా ఎక్కించింది.

“ఒక్క గ్లాసు ఆ నీళ్ళయినా ఇప్పించమ్మా.”

“బావి ఎండకపోతే వచ్చే ఏడు రండి, ఇస్తాను.”

రిక్షా మలుపు తిరిగింది. తార్మి గెలిచినదానిలా లోపలికి వెళ్ళింది.

“అభ్యంతరం ఎవరిది?” అన్నాడు విచారణాధికారి.

“మా అందరిదీ!” లేచింది తార్మి. “తాతల నాటినుంచి ఆ నీళ్ళే తాగుతున్నాం. ఒక్క ఇటుక లేవనివ్వం!”

“మీరున్న నేల ఎవరి పేర ఉంది?”

పేట గతుక్కుమంది. ఇళ్ళు వాళ్ళవే. నేల మాత్రం బావి తవ్వించిన పెద్ద సస్త్రో అనే ఆయనది. ‘గూడు కట్టుకోండి’ అని వాళ్ళ తాతలకు చోటిచ్చిన మనిషి. ఆయన కొడుకు కుర్రతనంలోనే సముద్రం దాటిపోయాడు. ఏనాడూ అద్దె అడగలేదు, ముఖమూ చూపలేదు.

“రూలు ప్రకారం నష్టపోయేది నేలగలాయన. మీరు కాదు.” అధికారి కళ్ళజోడు తీశాడు. “ఆ కొడుకు వచ్చి వద్దంటే పని ఆగేది. వచ్చి చెబుతానని లాంపుంగ్ నుంచి కబురు కూడా పెట్టాడు. ఈ సభతో గడువు సరి. ఆయన రాలేదని రాసుకుంటున్నాను.”

తార్మి కుర్చీని తోసుకుంటూ ముందుకొచ్చింది.

“రాయకండి సారూ! ఆయన వచ్చాడు. ఆయన నేల మీదే నిలబడి, ఏ వీధి మీదని ఆయన్నే అడిగి, గుక్కెడు నీళ్ళయినా ఇవ్వకుండా గెంటేసింది నేనే.”