సీసాలో పెళ్లిచూపులు

మొహియుద్దీన్ కుర్చీ అంచున కూర్చున్నాడు. రామాయంపేట బస్టాండు పక్కన అతనికి గడియారాల రిపేరు దుకాణం ఉంది. పెళ్లి మాటలకని పొద్దున్నే బస్సెక్కి మెదక్ వచ్చాడు. ఒక్కడే వచ్చాడు.

"పెద్దలెవరూ రాలేదా?" అడిగింది ఆఫ్రీన్.

"మా ఇంట్ల నేనే పెద్దోన్ని, మేడమ్."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆఫ్రీన్ జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. తండ్రి పోయి ఆరేళ్లు. అడగాల్సినవన్నీ తనే అడగాలి. ఇంతకుముందు వచ్చిన ఇద్దరినీ పది నిమిషాల్లో పంపించేసింది. ఆ సంగతి మొహియుద్దీన్ చెవిన పడింది. అందుకే చేతిలో రుమాలు తడిసి ముద్దయింది.

తెర వెనక తల్లి షమ్సున్నీసా కుట్టుపని పక్కన పెట్టి చాయ్ పెడుతోంది. అది రెండోసారి పొంగింది.

"పెండ్లయినంక పని బంద్ చెయ్యమంటరా?"

"చేతిల పని ఉన్నోళ్లను ఎట్ల బంద్ చెయ్యమంట, మేడమ్?"

మొహియుద్దీన్ బల్ల మీదికి చూశాడు. అక్కడొక గాజుసీసా. అందులో మగ్గిన బొప్పాయి ముక్క, నాలుగు ఈగలు.

"అరే! ఇవి రెక్కలకు మెహందీ పెట్టుకున్నయి."

"రంగురెక్కల ఈగలు. ఆ ముందున్నది మగది. ఆడదానికి రెక్కలు చూపిస్తున్నది."

మొహియుద్దీన్ జేబులోంచి రిపేరు భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. మగది ఒక రెక్క లేపింది. తర్వాత రెండోది. పక్కకు అడుగులేస్తూ చుట్టూ తిరిగింది. ఆడది బొప్పాయి రసం పీలుస్తూనే ఉంది. ఇంకో మగది వచ్చింది. మొదటిది దాన్ని తలతో నెట్టేసి, మళ్లీ వచ్చి రెక్క లేపింది.

"మస్తు ఓపిక. మరి ఆమె వద్దంటే?"

"ఎగిరిపోతది. మగది చేసేదేం లేదు."

"గట్లనే ఉండాలె."

ఆఫ్రీన్ అతని ముఖం కేసి చూసింది. సన్నటి బ్రష్ తీసి సీసా మూత తెరిచింది.

"ఆడదాన్ని జర దగ్గరికి నూకుతా. జల్దీ అయిపోతది."

"ఆగుండ్రి, మేడమ్!" మొహియుద్దీన్ సీసాకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆమె ఇంకా ఏం చెప్పలే."

ఆఫ్రీన్ మూత బిగించి బ్రష్ పక్కన పెట్టింది. అతను వచ్చి నలభై నిమిషాలైంది.

ఆమె తెర వైపు తిరిగి పిలిచింది. "అమ్మీ, నాకైతే పసందే, కానీ నిఖా నీది గదా, ఇగ నువ్వొచ్చి చెప్పు!"