ఓడకో పుస్తకం

"రెండో ఓడలో మనం చదివిన పుస్తకం ఏది?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కాసేపు ఫ్యాను కేసి చూశాడు.

"దీపస్తంభం కాపలావాడి కథ?"

"అది మూడోది!" టీచరమ్మ నోటుబుక్కు తీసి బల్ల మీద కొట్టింది. "ఎన్నిసార్లు చెప్పాలండీ? రెండోది లావుపాటి ప్రేమకథ. మీరు మూడో అధ్యాయంలో నిద్రపోయి, పదో అధ్యాయంలో లేచి 'పెళ్ళయిందా వాళ్ళకి?' అన్నారు. డెక్కు మీద అందరూ ఒకటే నవ్వు."

"నువ్వు చెప్తుంటే కళ్ళకి కట్టినట్టుంటుంది. మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

పరీక్షకి ఇంకా రెండు రోజులే ఉన్నాయి.

ముప్పై మూడేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషికి, ఇంత మొద్దు విద్యార్థి ఇంట్లోనే దొరుకుతాడని ఎవరనుకున్నారు! అదీ పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసిన మనిషి. ఏ వీధిలో ఏ నంబరు ఇంట్లో ఎవరున్నారో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

వాళ్ళకో అలవాటుంది. కాస్త డబ్బు కూడినప్పుడల్లా ఓడెక్కుతారు. ఓడకి ఒక్కటే పుస్తకం. ఆవిడ పైకి చదువుతుంది, ఆయన వింటాడు. ఇంతవరకూ నాలుగు ఓడలు, నాలుగు పుస్తకాలు. ఐదో ఓడ ఈ నెలాఖరున బయల్దేరుతుంది. ఇదే ఆఖరిదని ఇద్దరికీ తెలుసు. పైకి అనుకోలేదంతే.

డెబ్భై దాటినవాళ్ళకి జ్ఞాపకశక్తి బాగుందని డాక్టరు రాసిస్తేనే ఓడవాళ్ళు ఎక్కనిస్తామన్నారు. మూడు వారాల కిందట ఇద్దరూ వెళ్ళారు. డాక్టరు ఒకరి తర్వాత ఒకరిని పిలిచి మాట్లాడాడు. చివర్లో ఆయన్ని మళ్ళీ పిలిచాడు. బయటి బెంచీ మీద కూర్చున్న ఆవిడ దగ్గరికి ఆయన పాలిపోయిన మొహంతో వచ్చాడు.

"నీకేం ఢోకా లేదు. నాకే కాస్త తేడాగా ఉందట. మూడు వారాలాగి రమ్మన్నాడు. ఓడల గురించీ పుస్తకాల గురించీ అడుగుతాట్ట. చెప్పలేకపోతే సంతకం పెట్టడట."

"నేనుండగా చెప్పలేకపోవడమేమిటి?" అంది టీచరమ్మ.

ఆ రోజే కొత్త నోటుబుక్కు కొన్నారు. పొద్దున్నే ఆవిడ అందులో చూసి పాఠం చెప్పేది. సాయంత్రం అప్పజెప్పించుకునేది. ఆయన ఒక్కరోజైనా తిన్నగా చెప్పాడా? ఒక ఓడ సరిగ్గా చెప్తే ఇంకో ఓడ ముంచేవాడు. ఇల్లంతా చీటీలు అంటించాడు. కప్పుల అలమరా మీద 'కప్పులు', మందుల డబ్బా మీద 'మందులు'. స్టవ్ కట్టేసి ఉందో లేదో రోజుకి పదిసార్లు వెళ్ళి చూసొచ్చేవాడు. పాపం, ఆయనకి తన మీద తనకే నమ్మకం పోయిందని ఆవిడ లోలోపల కుమిలిపోయింది. ఒక మధ్యాహ్నం స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని మరీ ఏడ్చింది.

ఆయన తలుపు తట్టాడు. "టీచరమ్మా, ఇంకొక్కసారి చెప్పవూ? ఈసారి బుద్ధిగా వింటాను."

పరీక్ష రోజు రానే వచ్చింది. ఆస్పత్రి వరండాలో ఆవిడ ఆఖరిసారి అడిగింది. ఆయన మొదటి పుస్తకమే తప్పు చెప్పాడు. ఆవిడ నోటుబుక్కు కోసం చెయ్యి చాస్తే ఆయన దాన్ని సంచిలో పెట్టేశాడు.

"లోపల చూడకూడదట."

నర్సు ఇద్దర్నీ రమ్మంది. డాక్టరు ఫైలు తెరిచి, అందులోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"మొదటి ఓడలో ఏం చదివారు?"

ఆయన చెప్పుల కేసి చూస్తూ కూర్చున్నాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. డాక్టరు తొందరపెట్టలేదు. టీచరమ్మకి నాలుక దురదపెట్టింది. పెదవి కొరుక్కుంది. ఇక తనవల్ల కాలేదు.

"హత్య కథండీ! తోటమాలే చంపాడు. హంతకుడెవరో తెలుసుకోడానికి పక్క గదులవాళ్ళు కూడా వచ్చి మా చుట్టూ చేరారు."

డాక్టరు వద్దనలేదు. "రెండోది?"

"ప్రేమకథ. ఈయన నిద్రపోయారు."

"మూడోది?"

"దీపస్తంభం కాపలావాడిది. తుఫానుకి పుస్తకం తడిస్తే గదిలో తాడు కట్టి ఆరేశాం."

"నాలుగోది?"

ఆవిడ నోరు తెరిచింది. నాలుగోది... నాలుగోది... నాలుక చివర ఉన్నట్టే ఉంది. గది గోడలన్నీ తెల్లగా ఉన్నాయి. పక్క కుర్చీ చేతిని ఆయన వేళ్ళు గట్టిగా పట్టుకున్నాయి.

"పద్యాలు!" అంది ఆవిడ. "చిన్న పద్యాల పుస్తకం. గాలికి నా చేతిలోంచి ఎగిరిపోతే ఈయన డెక్కు ఆ చివరిదాకా పరిగెత్తి పట్టుకొచ్చారు. అప్పటికి నా మోకాలి ఆపరేషనై ఆర్నెల్లు."

డాక్టరు నవ్వాడు. ఫైల్లోంచి కాగితం తీసి సంతకం పెట్టి బల్ల మీదుగా జరిపాడు.

టీచరమ్మకి ఏడుపొచ్చేసింది. ఆయన ఒక్క జవాబూ చెప్పలేదు కాబట్టి అది వద్దని రాసిచ్చిన కాగితమే అనుకుంది. అంతా తనే చెడగొట్టింది.

"తప్పు నాదండీ డాక్టరు గారూ. ఆయన్ని నోరు తెరవనివ్వలేదు. ఆయన్నే ఇంకోసారి అడగండి, చెప్తారు."

ఆయన రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఉన్నాడు. భుజాలు కదుల్తున్నాయి. డాక్టరు ఆయన కేసి ఒకసారి చూసి, ఏమీ అనకుండా కలం మూత పెట్టాడు. సంతకానికి పైన, పరీక్షకి వచ్చిన మనిషి పేరు రాసే గడిలో, మూడు వారాల నుంచీ ఉన్నది ఆవిడ పేరే.