ఎడమ పక్క బుష్

"అన్నా, ఈ బండి ఎనక ఎవులో ఆడమనిషి కూకుంటన్నాది," అన్నాడు మెకానిక్ టోని.

అనకూడని మాటే. బుజ్జిబాబు పక్కనే అతని పెళ్లాం హైమవతి నిలబడి ఉంది.

టోని పని టోనిది. స్టాండేసి, వెనక చక్రం పట్టుకుని పైకీ కిందికీ ఊపాడు. టక్కుటక్కుమంది. "కుడి షాకబ్జర్ లోపలి రబ్బరు బుష్ బాగున్నాది. ఎడమదే అరిగి వదులైపోనాది. సీర కట్టుకుని, కాళ్లు రెండూ ఒకే పక్కకేసి కూకుంటే ఇలాగే అరుగుతాది."

హైమవతి మొగుడి వైపు తిరిగింది. "నడుం నొప్పని నాను నీ బండెక్కి ఏడాదైపోనాది. ఎవత్తె అది?"

"ఎవులూ లేరే! రాత్రి ఇండస్ట్రియల్ పార్కుకి డూటీకెల్తాను, పొద్దున్నొచ్చి పడుకుంటాను. అంతే!"

"పెట్రోలు కూడా తెగ తాగేస్తందన్నావు గదన్నా," టోని గుర్తు చేశాడు.

"సూసినావా!" అంది హైమవతి.

ఎదురుగా టీ కొట్లోంచి ఒక బెంగాలీ దాదా "కీ హోలో? కీ హోలో?" అంటూ గ్లాసుతో సహా వచ్చేశాడు. వెనకే ఇంకో నలుగురు చేరారు. ఊరికే వచ్చే సినిమా ఎవరొదులుకుంటారు? "ఏటీ లేదు దాదా, బుష్ పోనాది," అన్నాడు టోని.

బుజ్జిబాబు చెయ్యెత్తి ఒట్టేశాడు. "నూకాలమ్మ తల్లి మీదొట్టు! వాన పడతందని ఒక్కసారి మా డూటీలో పన్జేసే ఏంజలిన్ దీదీని పార్కు గేటు దాకా దించినాను. ఒక్కసారే!"

"ఒక్కసారికి బుష్ అరగదన్నా."

హైమవతి కొంగుతో కళ్లొత్తుకుంది. "నాను ఝపటాపూర్ మా అన్న కాడికి ఎల్లిపోతాను. లేదంటావా, డూటీ నుంచి రాగానే తాళం నా సేతిలో పెట్టాల. మల్లీ డూటీకెల్లినప్పుడే ఇస్తాను. ఏదో ఒకటి తేల్చు."

కాపురం కంటే బండి ఎక్కువా? బుజ్జిబాబు అక్కడికక్కడే తాళం తీసి ఇచ్చేశాడు. ఆమె బొడ్లో దోపుకుంది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే చీరల మూటతో దాలమ్మ వచ్చింది. ఊరికి దూరంగా ఉన్న సాలువా క్యాంపులో చీరలమ్ముతుంది. ఆటోలో ఇద్దరి చోటు పట్టే మనిషి. హైమవతి బొడ్లో తాళమే చూసింది గానీ, జనం వెనకున్న బుజ్జిబాబుని ఆమె చూడలేదు.

"తాళం నీకాడికే వచ్చేసినాదేటే హైమా! ఇంక మీ ఆయన గుర్రెట్టేదాకా కాపుకాసే పనిలేదు. ఎప్పట్లాగే నువ్వు తోలు, నీ ఎనక నాను, రేపట్నుంచి నా ఎనక పక్కింటి మీనాకుమారి కూడా!"