పాత జోడీ

ఆటలో పక్ అనే రబ్బరు బిళ్ల కోసం మూలకు వెళ్లిన డార్సీని లీఫ్ వెనకనుంచి వచ్చి గోడకేసి గుద్దాడు. ఎనిమిదేళ్లు ఒకే ఐస్ హాకీ జట్టుకి డిఫెన్స్ ఆడిన జోడీ వాళ్లది. ఈ ఏడాదే వేరే జట్లకి మారారు.

"ఎడమ భుజమే చూసి కొట్టావా! అది లేవని రోజుల్లో నా స్కేట్ల తాళ్లు కట్టింది నువ్వే కదరా!" మంచు మీద పడి మూలిగాడు డార్సీ.

"నీకెక్కడ దెబ్బ ఉందో మా కోచ్ అడిగాడు, చెప్పేశాను. లేకపోతే నన్ను పీకేసేవాడు. కోపమా?" లీఫ్ ఆగి, వంగి చూశాడు.

లీఫ్‌కి కుడికన్ను సరిగా కనబడదని నిన్న డార్సీ కూడా తన కోచ్‌కి చెప్పాడు. ఇప్పుడు ఆ వైపు నుంచే డార్సీ జట్టువాడొకడు దూసుకొస్తున్నాడు. ఒక్క కేక వేస్తే లీఫ్ తప్పుకుంటాడు.

"కోపమెందుకురా? చెయ్యివ్వు," అంటూ డార్సీ చెయ్యి చాపాడు.