పసుపు చొక్కా

సంచిలో పాలడబ్బా, ఆరు సీసాలు, పిల్ల బట్టలు సర్దిన లీఛిన్ మళ్ళీ అన్నీ బయటికి తీసింది.

అలా తీయడం అది మూడోసారి.

నాలుగు నెలల యాన్‌యాన్ మంచం మీద కాళ్ళు ఆడిస్తోంది. ఇంకొన్ని గంటల్లో న్యూయార్క్ వదిలి, చైనాలో చాంగ్లె దగ్గరి పల్లెకు, నాయనమ్మ దగ్గరికి వెళ్ళిపోతుంది. బడికి వెళ్ళే వయసు వచ్చాకే తిరిగి రావడం.

వాళ్ళుండే వీధిలో చాలామంది పిల్లలు అలాగే వెళ్ళారు. లీఛిన్, ఆమె భర్త దెమింగ్ హోటల్ వంటింట్లో రోజుకు పన్నెండు గంటలు నిలబడతారు. సోమవారం ఒక్కటే సెలవు. పిల్లను పొయ్యి పక్కన పడుకోబెడితే యజమాని ఊరుకోడు.

పైగా అత్తగారు. పక్కింటావిడ ఇద్దరు మనవళ్ళను పెంచుతోంది, నా చేతులే ఖాళీ అని ఫోను చేసినప్పుడల్లా దెప్పేది. ఈ మధ్య రెండు వారాలుగా ఎందుకో దెప్పడం మానేసింది.

భార్యాభర్తలిద్దరికీ సరైన కాగితాలు లేవు. దేశం దాటితే మళ్ళీ రానివ్వరు. అందుకే పిల్లను దించి రావడానికి ఒక మనిషిని మాట్లాడారు.

ఆమె పేరు బావోజు. యాభై దాటింది. ఇరవై ఏళ్ళు కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసి గ్రీన్‌కార్డు సంపాదించుకుంది. ఇప్పుడు ఇలా ఊళ్ళోవాళ్ళ పసిపిల్లలను దించి వస్తుంటుంది.

వస్తూనే సంచి ఎత్తి చూసి, సగం తీసేయమంది.

"నిన్న నువ్వు పనిలో వేసుకున్న చొక్కా ఏది?"

"ఇంకా ఉతకలేదు పిన్నీ."

"అందుకే అడిగాను."

హోటల్‌వాళ్ళు ఇచ్చిన పసుపు చొక్కా అది. జేబు మీద ఎర్ర కోడిపుంజు. నూనె, అల్లం వాసన కొడుతోంది. బావోజు దాన్ని తన బట్టల మీదే తొడుక్కుంది. తల్లి వాసన ఉంటే పిల్ల విమానంలో గుక్కపట్టదట.

తన వాసన ఇంకొకరు తొడుక్కుంటుంటే చూస్తూ నిలబడిన లీఛిన్‌కు ఒళ్ళు మండింది. అయినా తగ్గి అడిగింది.

"పిన్నీ, అక్కడ పది రోజులు ఉండండి. కొత్త చేతులకు అలవాటు పడేదాకా."

"మూడో రోజే నా తిరుగు విమానం. మొన్నటి పిల్ల తల్లి వారం ఉండమంది, నువ్వు పది రోజులంటున్నావు. అందరిళ్ళలో ఆగితే ఈ దేశం బయటే ఏడాది దాటిపోతుంది, నా కార్డు చెల్లకుండా పోతుంది." బావోజు తన మాటకు తనే నవ్వుకుంది. "నేను మీ చుట్టాన్ని కాదమ్మాయ్. దించి వచ్చేదాన్ని."

ప్రయాణమయ్యేవాళ్ళకు పెట్టే నూడుల్స్ పెట్టింది లీఛిన్. పైన రెండు బాతుగుడ్లు. రెండూ తింటేనే క్షేమం.

బావోజు ఒకటి తిని, రెండోది గిన్నెలోనే వదిలేసింది.

"ఇది వచ్చాక తింటాను."

లీఛిన్ విమానాశ్రయానికి వస్తానంటే బావోజు వద్దంది. తల్లి ఏడిస్తే పిల్లకు తెలిసిపోతుందట. మెట్ల మలుపు దాకా పసుపు చొక్కా కనిపించింది. తర్వాత కనిపించలేదు.

మూడో రోజు అత్తగారు ఫోనెత్తి, పిల్ల చేరింది, పాలు తాగింది అంది.

"మరి ఆవిడ?"

"వెళ్ళిపోయింది."

కానీ బావోజు ఆ వీధిలో మళ్ళీ కనబడలేదు. వేరే ఊళ్ళో ఇంకా మంచి బేరాలు దొరికి ఉంటాయన్నారు. గుడ్డు పాడైతే లీఛిన్ పారేసింది.

ఆ తర్వాత ప్రతి సోమవారం ఫోను. పిల్లకు జ్వరం తగ్గిందా, మెట్ల మీంచి పడకుండా ఎవరు చూస్తున్నారు, దగ్గుకు ఏ మందు పోశారు. ఏం అడిగినా అత్తగారిది ఒకటే మాట. అంతా బాగుంది, మీ పని మీరు చూసుకోండి.

లీఛిన్‌కు నమ్మకం కుదిరేది కాదు. ఆ భయమంతా బావోజు మీద తిట్లుగా వచ్చేది. రాతిగుండె మనిషి, పది రోజులు ఉండమంటే ఉండలేదు అనేది. అప్పుడల్లా అత్తగారు దగ్గేది.

ఐదేళ్ళు దాటాక, ఆ పల్లె నుంచే వస్తున్న భార్యాభర్తలెవరో యాన్‌యాన్‌ను తెచ్చి అప్పగించారు.

లీఛిన్ నూడుల్స్ చేసి రెండు గుడ్లు పెట్టింది. పిల్ల ఒకటి తిని రెండోది పక్కకు నెట్టింది.

"అదీ తినమ్మా."

"తిరిగి వెళ్ళాక తింటాను. అలా అంటే వెళ్ళినవాళ్ళు తప్పకుండా తిరిగి వస్తారని మామ్మ చెప్పింది."

లీఛిన్ గోడ మీది అత్తగారి ఫోటో చూపించింది. "ఈ మామ్మేనా?"

"ఈమె మంచం మామ్మ. చెయ్యి లేవదు, కాలు లేవదు."

"మరి నిన్ను ఎత్తుకున్నదెవరు?"

"మామ్మ."

"ఎలా ఉంటుంది?"

"పసుపు చొక్కా వేసుకుంటుంది. జేబు మీద కోడిపుంజు. దాని తల చిరిగిపోయింది."

లీఛిన్ ఫోను కలిపింది. అత్తగారు ఈసారి దగ్గలేదు. పిల్ల రావడానికి రెండు వారాల ముందే పక్షవాతం వచ్చి మంచాన పడ్డానని చెప్పింది. తెలిస్తే ఇద్దరూ పని వదిలి వచ్చేస్తారని, ఊరందరి నోళ్ళూ మూయించిందట.

"ఆవిడైనా నాకు చెప్పలేదేం?"

"నేనే ఒట్టు వేయించుకున్నాను. మంచి మనిషి దొరకగానే పిల్లను అప్పగించి వెళ్తానంది. ఎంతమందిని చూపించినా ఆమెకు ఒక్కరూ నచ్చలేదు."

"ఒకసారి ఆవిడకు ఫోనివ్వండి."

"పెరట్లో ఉంది. పిల్ల విడిచిన బట్టలు ఉతుకుతోంది. పిలిచాను. ఆ అమ్మాయికి నేనంటే పడదు, ఏం మాట్లాడను అంటోంది."

దించి మూడో రోజుకు వచ్చేస్తానన్న బావోజు 2004 మార్చి 15, సోమవారం నాడు వెళ్ళింది, తిరిగి రాలేదు.