మైదానం మట్టి

"నీళ్లక్కర్లేదు, కోతక్కర్లేదు, వానొచ్చినా బురదుండదు వదినా," అంటూ ఫుట్‌బాల్ క్లబ్బు అధ్యక్షుడు ఓస్వాల్దో కొత్త ప్లాస్టిక్ గడ్డి మీద గంతేసి చూపించాడు.

నెలిదా పూలతో గోలుస్తంభం దగ్గరే నిలబడిపోయింది. రొసారియో ఊళ్లో చాలామంది క్లబ్బు పిచ్చోళ్లలాగే ఆమె మొగుడూ తన బూడిద మైదానంలోనే చల్లమన్నాడు. ఇక్కడే చల్లింది.

"మరి మీ అన్నయ్య?"

గంతులు ఆగాయి. "పాత మట్టి తవ్వి తీసేశాం వదినా. తప్పదుగా."

"ఎక్కడ పోశారు?"

ఓస్వాల్దో చేతిలోని మాతే టీ గిన్నెలో పీల్చే గొట్టం ఊరికే తిప్పాడు. "అవతలి వీధి క్లబ్బుకిచ్చాం. గుంతలు పూడ్చుకోడానికి అడిగారు."

బద్ధశత్రువుల ఊసు వినగానే నెలిదా పూలు అతని చేతిలో పెట్టింది.

"నువ్వే ఇచ్చిరా. నాకు మొహం చెల్లదు. బతికినన్నాళ్లూ ఆ వీధి తొక్కని మనిషిని ఇప్పుడు ఆ వీధంతా కలిసి తొక్కుతోంది."